నూరు బీడీలంత సేపు

రేగులగూడ, ఆదిలాబాద్ జిల్లా
11 జనవరి 2024

చిరంజీవి సృజనకు బాపమ్మ కొమురవ్వ దీవించి రాయిస్తున్న ఉత్తరం.

ఇక్కడ అందరం బాగున్నాం. రాస్తున్నది మన అంతయ్య, నలభై ఏళ్లు ఊరూరా తిరిగి ఉత్తరాలు పంచినవాడు. నేను చెప్పేదాన్ని బడి తెలుగులోకి దిద్ది రాస్తున్నాడు. నా మాట నా మాటలాగే రాస్తే పట్నంలో నవ్వుతారట. నవ్వితే నవ్వనీ, భాష దిద్దుకో గానీ సంగతి దిద్దకు అన్నాను. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. గుట్టెక్కితే గానీ ఇక్కడ సిగ్నల్ రాదు, నా మోకాళ్లు గుట్టెక్కవు. పైగా ఇది నా కేసు. ఫోన్లో చెప్తే గాలికి పోతుంది. కాగితం మీద ఉండాలి.

మన వాగు మీద వంతెన కావాలి. పద్దెనిమిదేళ్లుగా దరఖాస్తులు పెడుతున్నాం. ఈసారి జిల్లా ఆఫీసులో కమిటీ కూర్చుంటోంది. అడిగిన ప్రతి ఊరికీ ఎనిమిది నిమిషాలు ఇస్తారట. కాగితాలు చదవరట, తెర మీద బొమ్మలు వేసి చెప్పాలట. ఫిబ్రవరి ఇరవైన మన వంతు. నువ్వు కరీంనగర్ కాలేజీలో సార్లకు అలాంటివే చేసి ఇస్తావు కదా, మన ఊరికీ చెయ్యి.

ఏం పెట్టాలో చెప్తున్నాను. వానాకాలం నాలుగు నెలలు గట్టివాన పడ్డప్పుడల్లా మనం వాగు దాటలేం, ఎవరూ మన దగ్గరికి రాలేరు. పోయిన ఏడు మన ఊరి వినోదను పాము కరిస్తే మంచం మీద వేసి ఛాతీలోతు నీళ్లలో నలుగురు మోసుకుపోయారు. పక్కింటి సంపత్ ఒడ్డున నిలబడి ఫోటో తీశాడు, నీకు పంపమన్నాను. వినోద బతికింది. నిన్ను కన్న మీ అవ్వ జమున బతకలేదు. అంతే, ఇంకేం అక్కర్లేదు. నా కోడలిని వాగు చంపింది. ఆ మాట వాళ్ల చెవుల్లో పడాలి.

ఆలస్యం చెయ్యకు.

చెప్పినది కొమురవ్వ, రాసినది అంతయ్య.


కరీంనగర్
24 జనవరి 2024

బాపమ్మకు శనార్తులు.

ఉత్తరం అందింది. నువ్వు చెప్పకపోయినా ఈ పని నేనే చేసేదాన్ని. కాలేజీలో వేరేవాళ్ల పాఠాలకు ఇన్ని చేశాను, మా అవ్వ కోసం చేసేది వాటన్నిటికంటే బాగుండాలి. రోజూ కాలేజీ అయ్యాక కూర్చుంటున్నాను. ఇప్పటికి ముప్పై ఒక్క స్లైడ్లు అయ్యాయి. ఊరి మ్యాపు నేనే గీశాను. వాగు నీలం మరీ ముదురుగా ఉందనిపించి మూడుసార్లు మార్చాను. చుట్టుపక్కల ఊళ్ల లెక్కలు, వానల లెక్కలు, బడి పిల్లల హాజరు, అన్నీ పెడుతున్నాను. చూసినవాళ్లు ఇది ఒక మారుమూల గూడెం చేసింది కాదు అనుకోవాలి.

సంపత్ అన్న పంపిన ఫోటో మాత్రం బాగా లేదు. వాన చుక్కలు పడి మసకబారింది, వంకరగా ఉంది. పెద్ద తెర మీద వేస్తే ఇంకా అలుక్కుపోతుంది. వేరేది చూస్తాను.

ఇంకొకటి కావాలి. అవ్వ గురించి పెట్టే స్లైడులో ఒక గీత గీసి దాని మీద గంటలు వేయాలని ఉంది. నొప్పులు ఎన్నింటికి మొదలయ్యాయి, ఇంట్లోంచి ఎన్నింటికి బయలుదేరారు, వాగు దగ్గరికి ఎన్నింటికి చేరారు. అలా చూపిస్తే అధికారులకు సూటిగా తగులుతుంది. నాకప్పుడు ఐదేళ్లు, నాకేం గుర్తు లేదు. బాపును అడిగితే ‘నేను మస్కట్‌ల ఉంటి, నాకేమెరుక’ అన్నాడు. నువ్వే చెప్పాలి.

సృజన


రేగులగూడ
3 ఫిబ్రవరి 2024

సృజనకు బాపమ్మ రాయిస్తున్నది.

నీ ఉత్తరం అంతయ్యతో రెండుసార్లు చదివించుకున్నాను. ముప్పై ఒక్కటా? ఎనిమిది నిమిషాల్లోనా? తెర మీద వేస్తావా, వడగండ్లలాగా కురిపిస్తావా?

నాకు అక్షరం రాదు. కానీ యాభై ఏళ్లు బీడీలు చుట్టాను. తునికాకు తడిపి, కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, తల మడిచి, దారం కట్టాలి. రోజుకు వెయ్యి. ఒక్కో బీడీని ముద్దుగా చేద్దామని కూర్చుంటే పొద్దుగూకేసరికి మూడు వందలు కావు. ఉరుకులాడి చుట్టేస్తే కార్ఖానా మనిషి సగం పక్కకు విసిరేస్తాడు. చెయ్యి ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఉరకాలో తెలియాలి. తంబాకు సరిగ్గా పడిందా, నడుమ బిగువుందా, అక్కడ ఆగాలి. దారం ముడి అందంగా వచ్చిందా అని తిప్పి తిప్పి చూడకూడదు. కాల్చేవాడు ముడిని చూడడు. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, నేర్చుకునేసరికి ఆలస్యమైంది.

గంటలు అడిగావు. మన ఇంట్లో గడియారం లేదు. పొద్దున నొప్పులు వచ్చాయి, వాగు వచ్చింది, మీ అవ్వ పోయింది. అంతే రాయి. ఇంకోసారి అడగకు.

కొమురవ్వ చెప్పగా, అంతయ్య.


కరీంనగర్
23 ఫిబ్రవరి 2024

బాపమ్మకు శనార్తులు.

మొన్న ఇరవైన ఆదిలాబాద్ వెళ్లి వచ్చాను. ఈసారి జాబితాలో మన ఊరు రాలేదు. చాలా ఊళ్లు వచ్చాయి, ఎవరికీ సమయం సరిపోలేదు. స్లైడ్లు బాగున్నాయని ఒక సారు మెచ్చుకున్నాడు. జులైలో కమిటీ మళ్లీ కూర్చుంటుందట, అప్పుడు చూడవచ్చు అన్నారు.

కాలేజీలో పరీక్షల పని ఎక్కువగా ఉంది. మళ్లీ రాస్తాను. నువ్వు పరేషాన్ కావొద్దు.

సృజన


రేగులగూడ
8 మార్చి 2024

సృజనకు.

నిన్ను ఆటోలో దించిన సంపత్ బయటే ఉన్నాడనుకున్నావు. లోపలికి వచ్చి తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. నాకు చెప్పడానికి పదిహేను రోజులు నసిగాడు. నిన్న తినడానికి మాడుచెక్క పెట్టి కూర్చోబెట్టి అడిగితే చెప్పాడు.

పెద్ద సారు నీళ్లు ఏవి అని అడిగాడట. అందరూ నవ్వారట. నువ్వు తల దించుకున్నావట.

బిడ్డా, ఏ వాగును చూపించావు?

వంకర లేకుండా చెప్పు. అంతయ్య ఈ మాట మెత్తగా రాద్దామన్నాడు, వద్దన్నాను.

కొమురవ్వ


కరీంనగర్
19 మార్చి 2024

బాపమ్మా,

మన వాగునే చూపించాను. కానీ మే నెలలో వచ్చినప్పుడు తీసినది. తెల్లటి ఇసుక, రెండు ఒడ్లు, వెనక గుట్టలు, చాలా స్పష్టంగా వచ్చింది. వంతెన ఎక్కడ కావాలో దాని మీద ఎర్రగీత గీశాను. ఆ గీత నిటారుగా రావడానికే ఒక సాయంత్రం పట్టింది. సంపత్ అన్న ఫోటో మసకగా ఉందని తీసేశాను. మొత్తానికే తీసేశాను.

పెద్ద సారు తెర వైపు చూసి, “గిండ్ల కోడిపిల్ల గూడ మునగదు గదమ్మా, వంతెన దేనికి?” అన్నాడు. వానాకాలంలో వస్తుంది సార్ అన్నాను. “మరి గది సూపెట్టాలె” అన్నాడు. నా దగ్గర లేదు.

స్లైడ్లు ముప్పై నాలుగు చేశాను. పద్నాలుగోది నడుస్తుండగా గంట కొట్టారు. అవ్వ స్లైడు పదిహేనోది. దాని దాకా రానే లేదు. వచ్చినా అందులో గంటల దగ్గర ఖాళీయే. ఆఖరి నాలుగు రోజులు నేను చేసింది ఏమిటో తెలుసా? అక్షరాల రంగు మార్చాను. ఒక బొమ్మ పోయి ఇంకొకటి వచ్చేటప్పుడు పుస్తకం పేజీ తిరిగినట్టు తిరగాలని కూర్చున్నాను. గడియారం ముందు పెట్టుకుని ఒక్కసారైనా మొదటి నుంచి చదివి చూసుకోలేదు. బాగున్నాయని మెచ్చుకున్న మాట నిజమే. ఆ సారు రంగులను మెచ్చుకున్నాడు.

నీకు అబద్ధం రాశాను. ఊరి ముందు నాకు ముఖం లేదు. జులైకి ఇంకెవరితోనైనా చేయించండి.

సృజన


రేగులగూడ
6 ఏప్రిల్ 2024

సృజనా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

నువ్వు అడిగిన గంటలు నేను ఇవ్వలేదు. తెలియక కాదు. ఇప్పుడు ఇస్తున్నాను. అంతయ్య కలం మూసేశాడు. “పిల్లకు గిదెందుకు కొమురక్కా, అయిపోయింది గద” అన్నాడు. “నువ్వు ఉత్తరాలు మోసెటోనివి, ఆపెటోనివి గాదు, రాయి” అన్నాను. రాస్తున్నాడు.

అది కార్ఖానాకు బీడీలు అప్పగించే రోజు. కార్ఖానా మనిషి వాగు అవతలి ఊరికి వచ్చి కూర్చునేవాడు. అంతకు ముందు వారం నా కట్టలు నాలుగు పక్కకు పడేశాడు, తలలు వదులుగా ఉన్నాయని. ఇంకోసారి ఇలా తెస్తే బీడీ కార్డు కొట్టేసి పని ఇవ్వనన్నాడు. ఆ పొద్దున ఎనిమిది ప్రాంతంలో మీ అవ్వకు నొప్పులు మొదలయ్యాయి. నలుగురు మగవాళ్లు మంచం కట్టి వాకిట్లో నిలబడ్డారు. ఆ నలుగురిలో అంతయ్య ఒకడు, అప్పటికి తొమ్మిదైందని తన చేతిగడియారం చూసి చెప్పాడు. వాగు అప్పటికి మోకాళ్లలోతే ఉంది. ఎలాగూ దాటుతున్నాం కదా, బీడీలూ వెంట పట్టుకుపోదామనుకున్నాను. తట్టలో సర్దుతూ చూస్తే నాలుగు కట్టలు మళ్లీ వదులుగా కనబడ్డాయి.

“జర ఆగుండ్రి, గీ నాలుగు సరిజేసుకొని వస్త” అన్నాను.

మీ అవ్వ ఏమన్నదో కూడా రాయిస్తున్నాను. “కానియ్యి అత్తమ్మా, నాకింక టైమున్నది” అన్నది.

విప్పి, మళ్లీ చుట్టి, కట్టాను. నాలుగు కట్టలంటే నూరు బీడీలు. గడియారం లేదని నీకు రాయించాను కానీ నాకు అది అక్కర్లేదు. నూరు బీడీలంత సేపు అంటే గంట. యాభై ఏళ్లలో నా చెయ్యి ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు.

మాకు ఎండ కాస్తోంది. ఎగువన గుట్టల్లో వాన దంచి కొడుతోందని తెలియదు. మేం పోయేసరికి వాగులో ఎర్రనీళ్లు. దిగిన ఇద్దరూ నడుములోతు దాటగానే వెనక్కి వచ్చారు. ఒడ్డున మంచం దించాం. తగ్గుతుంది తగ్గుతుంది అని చూశాం. తగ్గలేదు. నీ తమ్ముడు కడుపులోనే ముందు పోయాడు. ఆ వెనక మీ అవ్వ.

(ఇక్కడ ఆమె లేచి పోయి, చీకటి పడ్డాక వచ్చి మళ్లీ కూర్చున్నది. — అంతయ్య)

ఈ సంగతి ఆ నలుగురికీ తెలుసు. ఇద్దరు ఇప్పుడు లేరు. మిగిలినవాళ్లు ఎన్నడూ నోరు తెరవలేదు. మీ బాపు అడగలేదు. మీ అవ్వను కన్న తల్లి, చొప్పదండి బాలలక్ష్మమ్మ, వచ్చి నా మెడ పట్టుకుని ఏడ్చింది. ఆమెకూ చెప్పలేదు. పద్దెనిమిదేళ్లు వాగును తిట్టాను, ఆఫీసులను తిట్టాను. నేను తిడుతున్నంతసేపు నా వంతు ఎవరూ అడగలేదు. నీ స్లైడు అడిగింది.

రంగులు దిద్దుతూ కూర్చున్నానని నువ్వు ఏడ్చావు. నేను ఏం దిద్దుతూ కూర్చున్నానో ఇప్పుడు తెలిసింది కదా. నిన్ను ఏమనడానికీ నాకు నోరు లేదు.

కొమురవ్వ


కరీంనగర్
30 మే 2024

కొమురవ్వ గారికి,

మీ ఉత్తరం వచ్చి ఏడు వారాలు దాటింది. ఆరు ఉత్తరాలు రాసి చింపేశాను.

నాకేం గుర్తు లేదని జనవరిలో రాశాను. ఒకటి గుర్తుంది. గడపలో కూర్చుని ఎర్రదారం ముక్కలు ఏరుతున్నాను. ఏరి ఎవరి చేతిలోనో పెడితే ‘నా బిడ్డ బంగారం’ అని తల నిమిరారు. నాకు ఉన్న మొదటి జ్ఞాపకం అది. సంతోషంగా ఉన్న జ్ఞాపకం. ఎప్పుడు దిగులు కలిగినా దాన్నే తలచుకునేదాన్ని. అది ఏ రోజో ఇప్పుడు తెలిసింది. ఆ విప్పిన కట్టల దారాలే నేను ఏరాను.

మిమ్మల్ని ఏమనాలో నాకు తెలియడం లేదు.

ఊరి తప్పు ఏమీ లేదు కాబట్టి జులైకి స్లైడ్లు నేనే చేస్తాను. కానీ ఆ గంట అందులో ఉంటుంది. అది లేకుండా గీత గీస్తే నేను మళ్లీ ఎండిన వాగునే చూపించినట్టు. మీకు ఇష్టం లేకపోతే సంపత్ అన్నతో చెప్పి పంపండి, వదిలేస్తాను. సభకు నేను రాను.

సృజన


రేగులగూడ
10 జూన్ 2024

సృజనకు.

పెట్టు.

నువ్వు రాకపోతే నేనే నిలబడి చెప్తాను. సంపత్ మీట నొక్కుతాడు.

మీరు అని రాశావు. అంతయ్య దాన్ని నువ్వు అని చదివాడు. ఆయన గొంతు తడబడితే పట్టుకున్నాను, ఉన్నదున్నట్టు మళ్లీ చదివించుకున్నాను. రాయాలనిపించినంత కాలం అలాగే రాయి.

కొమురవ్వ


కరీంనగర్
8 జులై 2024

బాపమ్మకు,

స్లైడ్లు సంపత్ అన్న ఫోన్‌కు పంపాను. నాలుగే. రెండు సాయంత్రాల్లో అయిపోయాయి. తెల్లటి తెర మీద నల్లటి అక్షరాలు, వేరే రంగు లేదు. మూడో సాయంత్రం గడియారం పెట్టుకుని నువ్వు చెప్పే వేగంతో పైకి చదివాను. ఆరున్నర నిమిషాలు వచ్చింది. మిగిలిన నిమిషమున్నర వాళ్లు ఏమైనా అడిగితే చెప్పడానికి. మొదటిది సంపత్ అన్న తీసిన ఫోటో. దాన్ని ఏమీ చేయలేదు, ఎలా ఉందో అలాగే వేశాను.

రెండోది ఊరి మ్యాపు, మూడోది అవ్వది. ముందే చదివించుకో.

సృజన


రేగులగూడ
27 జులై 2024

సృజనకు బాపమ్మ దీవించి రాయిస్తున్నది.

నిన్న సభ అయింది. ఏం జరిగిందో వరసగా చెప్తున్నాను.

వాగు పొంగేలా ఉంది. ముందు రోజే దాటి, అవతల ఒకరింట్లో పండుకుని పోయాం. హాలు చల్లగా ఉంది, కుర్చీలు మెత్తగా ఉన్నాయి. మన ముందు ఊరివాళ్లు పాట పెట్టి మరీ చూపించారు, పాట సగంలో ఉండగానే గంట కొట్టారు. తర్వాత నన్ను పిలిచారు. కూర్చుని చెప్పు అన్నారు, నిలబడే చెప్పాను.

మొదట ఫోటో వేశాడు సంపత్. నువ్వన్నట్టే తెర మీద అంతా అలుక్కుపోయింది. ఒక మేడం ముందుకు వంగి, “మంచం మీద ఉన్నది మనిషా అమ్మా?” అని అడిగింది. అవునన్నాను. మసకగా ఉంది అన్నారు. “వాన పడ్తుంటె మాకు గట్లనే కనవడ్తది” అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. పెద్ద సారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

మ్యాపు తర్వాత మీ అవ్వది. ముందే చదివించుకోమన్నావు. చదివించుకోలేదు. భయపడ్డాను, దాచను. సంపత్ అక్కడే పైకి చదివాడు. పొద్దున ఎనిమిదికి నొప్పులు. తొమ్మిదికి మంచం సిద్ధం. ఆ కింద, ‘ఇంటి పనుల వల్ల ఒక గంట ఆలస్యం.’ పదికి బయలుదేరారు. పదింబావుకు వాగు.

ఇంటి పనులు అని రాశావు.

నాలుగు స్లైడ్లు రెండు సాయంత్రాల్లో అయ్యాయన్నావు. ఆ రెండు మాటల దగ్గర ఎంతసేపు కూర్చున్నావో నాకు తెలుస్తోంది. నా పేరు రాసి, కొట్టేసి, మళ్లీ రాసి ఉంటావు. నా మీద దయతో రాశావు. నేను దాన్ని ఉంచుకోలేకపోయాను, నొచ్చుకోకు. సంపత్‌ను ఆగమని చెప్పాను.

“ఇంటి పని గాదు సారు. గది నేను జేసిన ఆలస్యం. నా కోడలు నొప్పులతోని మంచం మీదుంటె, నేను బీడీ కట్టలిప్పి మల్ల సుట్టిన. నూరు బీడీలు.”

 పెద్ద సారు మెల్లగానే అడిగాడు, తిట్టినట్టు కాదు. “తప్పు నీదే అంటున్నవ్, మల్ల వంతెన ఎందుకడుగుతున్నవ్ అవ్వా?”

“గంట ఆలస్యం జెయ్యని మనిషి ఏ ఊర్ల ఉన్నడు సారు? వంతెన ఉన్న ఊర్ల గంట లేటైతే గంటనే పోతది. మా ఊర్ల మనిషి పోయింది, కడుపుల పిల్లగాడు పోయిండు.”

నాలుగో స్లైడు వేశాడు సంపత్. పోయిన వానాకాలంలో మన వాగు ఎన్ని రోజులు దాటరాకుండా ఉందో ఆ ఒక్క అంకె. నలభై ఒకటి. ఇంకేమీ లేదు. దాన్ని చాలాసేపు తెర మీద ఉంచారు.

రాసుకునే ఆయన నా మాట రికార్డులో ఎక్కించాలా వద్దా అని పెద్ద సారును అడిగాడు. ఎక్కిస్తే నీ మీదికి వస్తుందేమో అవ్వా అన్నారు నాతో. ఎక్కించమన్నాను. చదివి వినిపించాక వేలిముద్ర వేశాను. సాయంత్రం జాబితా గోడకు అంటించారు. ఈ ఏటి పనుల్లో మన వంతెన ఉంది. సంపత్ మూడుసార్లు చదివాడు, తర్వాత తనకు నమ్మకం లేక దారిన పోయే ఒక పిల్లను పిలిచి చదివించాడు. నీళ్లు ఉండగానే వచ్చి కొలతలు తీసుకుంటారట. ఈ పొద్దున నీళ్లు తగ్గాక దాటి వచ్చాం, ఊళ్లో డప్పులు కొట్టారు. నేను బయటికి రాలేదు.

ఆ మాట ఇప్పుడు సర్కారు కాగితంలో ఉంది. ఊరూ పేరూ తెలియని ఇరవై మంది విన్నారు. జమునను కన్న తల్లి ఇంకా వినలేదు. ఆమె ఇంకొకరి నోట వినకూడదు. అందుకని చొప్పదండి పోతున్నాను, బాలలక్ష్మమ్మ ముందు కూర్చుని చెప్పడానికి. ఆమె కొట్టినా, కాండ్రించి ఉమ్మినా పడి వస్తాను. నాతో వస్తానని అంతయ్య అన్నాడు. మంచం మోసిన మనిషి, వస్తే కాదనలేను.

ఆగస్టు ఆరున బయలుదేరుతాం. కరీంనగర్ బస్టాండులో బస్సు మారాలి. మేం అక్కడికి ఒంటిగంటకు చేరతాం. చొప్పదండి బస్సు ఒకటీ ముప్పావుకు ఉందట. నిన్ను రమ్మని రాయించడం లేదు. నీకు కాలేజీ ఉంటుంది, నీ మనసు నీకుంటుంది. బస్సుల వేళలు మాత్రం చెప్తున్నాను. మధ్యలో ముప్పావు గంట ఖాళీగా కూర్చుంటాను.

చెప్పినది కొమురవ్వ, రాసినది అంతయ్య.